పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విద్యార్థుల వృత్తి విలువలు, దేశదేశాల తేడాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నవారు, చదవాలనుకుంటున్నవారు, ఈ విషయం మీద ప్రాజెక్టు రాస్తున్నవారు అడిగే సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారడం లేదు. అందుకే ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే కాబట్టి ఎక్కడి నుంచి చదివినా ఇబ్బంది ఉండదు. నా సొంత అభిప్రాయం చెప్పిన చోట అది అభిప్రాయమని తెలిసేలానే రాశాను.

## కోర్సులో చేరే ముందు

వృత్తి విలువలు అంటే ఏమిటి? ఆసక్తి అన్నా ఇదే కదా?

ఒకటి కావు. ఏ పని చేస్తుంటే హుషారుగా ఉంటుందో అది ఆసక్తి. ఆ పని నుంచి ఏమి ఆశిస్తున్నారో, ఏది దక్కకపోతే ఆ ఉద్యోగమే వద్దనుకుంటారో అది విలువ. గణాంకాలంటే ఇష్టమున్న ఇద్దరిలో ఒకరు ప్రణాళికా శాఖకు, మరొకరు బ్యాంకుకు వెళ్లారంటే వారి ఆసక్తి ఒకటే, విలువలు వేరు.

అమెరికన్ పరిశోధకుడు ఎడ్గార్ షైన్ ఎంఐటీలో చదివి ఉద్యోగాల్లోకి వెళ్లినవారిని ఏళ్ల తరబడి గమనించారు. ఒక్కొక్కరి వృత్తి జీవితాన్ని పట్టి నిలిపే ‘లంగరు’ ఒకటి ఉంటుందని 1970లలో ప్రతిపాదించారు. మొదట ఐదు రకాలు చెప్పారు, తర్వాత అవి ఎనిమిదయ్యాయి: సాంకేతిక నైపుణ్యం, నిర్వహణ సామర్థ్యం, స్వేచ్ఛ, భద్రత, సొంతంగా ఏదైనా నిర్మించాలన్న తపన, సేవ, సవాలు, జీవనశైలి. రెండింటిలో ఒకటి వదులుకోక తప్పనప్పుడే లంగరు బయటపడుతుందన్నది ఈ సిద్ధాంతంలో నాకు బాగా నచ్చే మాట. విద్యార్థి ఇంకా దేన్నీ వదులుకోలేదు. కాబట్టి విద్యార్థుల సర్వేల్లో కనిపించేవి చాలావరకు ఆశలేనని గుర్తుంచుకుని చదవాలి.

ఈ చదువుకు ప్రజాసేవ మీద మక్కువ తప్పనిసరా? నాకు అంత లేదేమోనని అనుమానం.

‘ప్రజాసేవా ప్రేరణ’ అనే భావనను అమెరికన్ పరిశోధకులు జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్ 1990లో ఒక వ్యాసంలో స్పష్టంగా నిర్వచించారు. 1996లో పెర్రీ దాన్ని కొలవడానికి 24 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అందులో నాలుగు పాయలున్నాయి: విధానాల రూపకల్పన మీద ఆకర్షణ, ప్రజాప్రయోజనం పట్ల నిబద్ధత, సాటి మనిషి మీద కరుణ, త్యాగబుద్ధి.

నాలుగూ ఒకే మనిషిలో సమానంగా ఉండాలన్న నియమం ఏదీ లేదు. కష్టాల్లో ఉన్నవారిని చూసి కరిగిపోయే స్వభావం మీకు లేకపోవచ్చు. అయినా ఒక చట్టం సరిగ్గా ఎందుకు అమలు కావడం లేదన్న ప్రశ్న మీకు నిద్ర పట్టనివ్వకపోతే, ఈ రంగానికి మీరు తగినవారే. కరుణ పొంగిపొర్లుతూ ఫైలు ముట్టుకోవడానికి విసుగుపడే అధికారి కంటే మీవల్లే ప్రజలకు మేలు ఎక్కువ జరుగుతుందని నా నమ్మకం.

నాకు కావలసింది ఉద్యోగ భద్రత. ఆ మాట పైకి అంటే స్వార్థపరులు అనుకుంటారా?

అనుకునేవారు ఉంటారు. చరిత్ర మాత్రం మీ వైపే ఉంది.

19వ శతాబ్దపు అమెరికాలో ప్రభుత్వ కొలువులు గెలిచిన పార్టీ కార్యకర్తలకు పంచిపెట్టే తాయిలాలు. పార్టీ ఓడితే కొలువు పోయేది. 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చినవాడు తనకు కొలువు ఇవ్వలేదన్న కక్షతో ఉన్న వ్యక్తి. రెండేళ్ల తర్వాత, 1883లో, పెండిల్టన్ చట్టం వచ్చింది. పోటీ పరీక్ష ద్వారా ఎంపిక, రాజకీయ కారణాలతో తొలగించకుండా రక్షణ అనే సూత్రాలు అక్కడ చట్టంగా నిలబడింది అప్పుడే. పై అధికారి తప్పుడు ఆదేశం ఇస్తే కాదనే ధైర్యం ఉద్యోగికి రావాలంటే రేపటి జీతం గురించి భయం ఉండకూడదు. భద్రత అందుకోసం పుట్టింది.

జర్మనీలో ఈ లెక్క ఇంకా సూటిగా కనిపిస్తుంది. ‘బెయామ్‌టె’ అనే వర్గం ఉద్యోగులకు జీవితాంతపు నియామకం ఉంటుంది, దానికి బదులు సమ్మె హక్కు ఉండదు. ఆ వర్గంలోని ఉపాధ్యాయులు ఈ నిషేధాన్ని సవాలు చేస్తే అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2018లో దాన్ని సమర్థించింది. భద్రతకు బదులుగా అక్కడ ఉద్యోగి కూడా ఒకటి వదులుకుంటున్నాడన్నమాట.

దక్షిణ కొరియా విద్యార్థుల మీద 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ప్రభుత్వ రంగాన్ని ఎంచుకోవడానికి ప్రజాసేవా ప్రేరణతో సంబంధం కనిపించలేదు, ఉద్యోగ భద్రతతో కనిపించింది. దీన్ని చూపించి కొరియా యువతకు సేవాభావం లేదనడం తొందరపాటు. ప్రైవేటు కంపెనీల్లో తాత్కాలిక ఉద్యోగాలు పెరిగి, 1997 ఆర్థిక సంక్షోభంలో తల్లిదండ్రులు కొలువులు పోగొట్టుకోవడం చూసిన తరం భద్రతకు విలువ కట్టడంలో వింత ఏముంది?

ఇంట్లోవాళ్లు ప్రభుత్వ ఉద్యోగమే అంటున్నారు. ఇది నా విలువా, వాళ్లదా?

ఈ రెండింటినీ పూర్తిగా విడదీయగలమన్న నమ్మకం అన్ని సమాజాల్లోనూ లేదు. వ్యక్తికి ప్రాధాన్యమిచ్చే చోట ‘నాకు ఏమి కావాలి’ అన్న ప్రశ్నతో వృత్తి మొదలవుతుంది. కుటుంబానికి ప్రాధాన్యమిచ్చే చోట ‘మనకు ఏమి కావాలి’ అన్న ప్రశ్నతో మొదలవుతుంది. రెండో దారిలో తీసుకున్న నిర్ణయం బలవంతమే అయి ఉండాలన్న రూలు లేదు. మీరే వేసుకోదగ్గ ప్రశ్న ఒకటి ఉంది: ఇంట్లోవాళ్లు రేపు మనసు మార్చుకుని నీ ఇష్టం అంటే ఊపిరి పీల్చుకుంటారా, దిగులు పడతారా? దిగులు పడితే ఆ విలువ మీది కూడా.

## చదువుతున్న రోజుల్లో

ఏ దేశపు విద్యార్థుల్లో సేవాభావం ఎక్కువ? ర్యాంకులు ఏమైనా ఉన్నాయా?

ఎవరైనా అలాంటి పట్టిక చూపిస్తే పక్కన పెట్టండి. పెర్రీ ప్రశ్నావళిని మెరుగుపరచి అన్ని దేశాలకూ పనికొచ్చేలా చేయాలని అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఒకటి 12 దేశాల్లో పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించింది. నాలుగు పాయల చట్రం మొత్తం మీద పనికొచ్చింది. కానీ ఒక్కో పాయకు జనం ఇచ్చే అర్థం, బరువు దేశానికో తీరుగా తేలాయి. కొలబద్ద మీది గీతలే ఒక్కో చోట ఒక్కోలా ఉంటే, దానితో కొలిచిన సగటులను పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు తేల్చలేం. ఒకే దేశం లోపల ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ, ఎందుకు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ ప్రశ్నావళి బాగానే పనికొస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగం కోరుకునేవారు మిగతావారికంటే నిజాయితీపరులా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఈ అంశం మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన పరిశోధనలు ఈ ప్రశ్న మీదివే.

పద్ధతి చాలా సాదా. విద్యార్థి చేతికి పాచిక ఇస్తారు. అతను ఎవరూ చూడకుండా పలుమార్లు వేసి, ఎంత పడిందో తానే రాసుకోవాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ డబ్బు. ఒక్కో పాచిక విషయంలో ఎవరు అబద్ధమాడారో తెలియదు. అన్నీ కలిపితే మాత్రం అదృష్టానికి మించిన మొత్తాలు బయటపడతాయి.

బెంగళూరులో కళాశాల విద్యార్థులతో ఇలా చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ఎక్కువ దొంగలెక్క రాసినవారిలో ప్రభుత్వ ఉద్యోగం కావాలనేవారు ఎక్కువగా కనిపించారు. అదే అధ్యయనంలో ప్రభుత్వ నర్సులతో కూడా పాచికలు వేయించారు. వారిలో మోసం చేసినవారే విధులకు మోసపూరితంగా గైర్హాజరయ్యే అవకాశం ఎక్కువని తేలింది. కాబట్టి ఇది ఆటతో ముగిసిన సంగతి కాదు.

దాదాపు అదే పద్ధతిలో డెన్మార్క్‌లో న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థుల మీద జరిగిన అధ్యయనం 2019లో వచ్చింది. అక్కడ ఫలితం తలకిందులు. నిజాయితీగా రాసినవారే ప్రభుత్వ కొలువు కోరుకున్నారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి భారతీయులు ఇలా, డేన్‌లు అలా అనేయడం చాలా సులువు. నేను మాత్రం వేరుగా చదువుతాను. ఒక వ్యవస్థలో ప్రభుత్వ కొలువు చేతివాటానికి సందు ఇస్తుందన్న పేరు పడితే, ఆ సందు కోసం వచ్చేవారు పెరుగుతారు. శుభ్రమైన వ్యవస్థ అన్న పేరుంటే చేతివాటం ఉన్నవారు డబ్బు ఎక్కువ దొరికే మరో చోటికి పోతారు. పేరును బట్టి మనుషులు వస్తారు, వచ్చిన మనుషులు ఆ పేరును నిలబెడతారు. అందుకే మంచి వ్యవస్థలు మంచిగా, చెడ్డవి చెడ్డగా చాలాకాలం కొనసాగుతాయి.

జీతాలు పెంచితే డబ్బు యావ ఉన్నవాళ్లే వస్తారా?

ఈ భయం పాతది. రక్తదానానికి డబ్బు ఇస్తే దానగుణం దెబ్బతింటుందని బ్రిటిష్ పండితుడు రిచర్డ్ టిట్‌మస్ 1970లోనే వాదించారు. ఉద్యోగాల విషయంలో దొరికిన ఆధారాలు మాత్రం అన్నీ ఒకే దారిలో లేవు.

మెక్సికోలో 2011లో ఒక ప్రాంతీయాభివృద్ధి కార్యక్రమానికి ఉద్యోగులను తీసుకుంటూ కొన్నిచోట్ల నెలకు 3,750 పెసోలు, మరికొన్నిచోట్ల 5,000 పెసోలు ప్రకటించారు. ఏ ఊరికి ఏ జీతమన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఎక్కువ జీతం చెప్పినచోట మెరుగైన సామర్థ్యం ఉన్నవారు వచ్చారు, వారిలో సేవా ప్రేరణ కూడా తగ్గలేదు. జాంబియాలో ప్రభుత్వం గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలను తీసుకున్నప్పుడు కొన్ని జిల్లాల పోస్టర్లలో పదోన్నతి అవకాశాలను, మిగతా జిల్లాల్లో సమాజసేవను ముందుకు తెచ్చారు. పదోన్నతి చూసి వచ్చినవారు చదువులో మెరుగు, సేవాబుద్ధిలో సమానం. ఇళ్లకు వెళ్లి చూడడంలో 29 శాతం ముందున్నారు.

డెన్మార్క్ పాచికల అధ్యయనంలో మాత్రం ప్రభుత్వ జీతాలు పెరిగితే కొత్తగా ఇటు మొగ్గేవారు తక్కువ నిజాయితీ ఉన్నవారేనని తేలింది. ఇప్పటికే శుభ్రంగా ఉన్న వ్యవస్థలో తక్కువ జీతం ఒక జల్లెడలా పనిచేస్తోందేమో. జీతమే బతుకుతెరువుకు చాలని చోట ఆ జల్లెడ సమర్థులను కూడా బయటికి తోసేస్తుంది. కాబట్టి ఒక దేశంలో పనిచేసిన జీతాల విధానాన్ని ఎత్తుకొచ్చి ఇంకో దేశంలో నాటాలనేవారిని ముందు అక్కడ జీతాలు, నిజాయితీ మొదట ఏ స్థాయిలో ఉన్నాయో అడగండి.

సంస్కృతితో పాటు ఇంకేమి తేడా తెస్తుంది?

తలుపు. అంటే ఉద్యోగంలోకి ప్రవేశించే దారి. నా మటుకు నేను సంస్కృతి జోలికి వెళ్లే ముందు దీన్నే చూస్తాను.

కొన్ని దేశాల్లో ప్రభుత్వ సేవ చిన్న వయసులో పరీక్ష రాసి ప్రవేశించి, మెట్టు మెట్టుగా ఎక్కి, పదవీ విరమణ దాకా ఉండే కెరీర్. ఫ్రాన్స్, జపాన్, దక్షిణ కొరియా ఈ కోవలోవి. న్యూజిలాండ్, నెదర్లాండ్స్ లాంటి చోట్ల ఏ పోస్టు ఖాళీ అయితే దానికి బయటివారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, ఏ వయసులోనైనా రావచ్చు, పోవచ్చు. న్యూజిలాండ్ 1988 నాటి చట్టంతో గట్టిగా ఆ వైపు మళ్లింది.

ఒకే ఒక్కసారి తెరుచుకునే తలుపు ముందు నిలబడిన విద్యార్థి భద్రత, హోదా, పోటీలో గెలుపు గురించి మాట్లాడతాడు. ఎప్పుడైనా తెరుచుకునే తలుపు ముందున్నవాడు నేర్చుకోవడం, స్వేచ్ఛ, ఇంటికీ పనికీ మధ్య సమతూకం గురించి మాట్లాడతాడు. ఇద్దరినీ ఇటువాడిని అటు, అటువాడిని ఇటు నిలబెడితే జవాబులు కూడా చాలావరకు తారుమారవుతాయని నా అంచనా.

తలుపును మార్చే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. ఫ్రాన్స్‌లో ఉన్నతాధికారులను తయారుచేయడానికి 1945లో ఎకోల్ నాసియొనాల్ ద’అడ్మినిస్ట్రాసియొన్ అనే జాతీయ పాలనా విద్యాసంస్థ పెట్టారు. అక్కడ చివరి పరీక్షలో వచ్చిన ర్యాంకు జీవితాంతం వెంటాడేదన్న విమర్శ ఎప్పుడూ ఉండేది. సంపన్న కుటుంబాల పిల్లలకే అది అందుతోందన్న అసంతృప్తి కూడా తోడై, 2022 జనవరిలో దాని స్థానంలో కొత్త జాతీయ సంస్థ వచ్చింది.

హాఫ్‌స్టెడ్ అంకెలు పెట్టి మా సెమినార్ పేపరు రాయవచ్చా?

రాయవచ్చు, కానీ ఆ అంకెలు ఎక్కడివో తెలుసుకుని రాయండి. దేశాల సంస్కృతులను అంకెల్లో కొలిచిన డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ తొలి సమాచారం 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించినది. ఒకే బహుళజాతి కంపెనీ సిబ్బంది వారు. విద్యార్థులూ కారు, ప్రభుత్వోద్యోగులూ కారు. అధికార దూరం (అధికారంలో హెచ్చుతగ్గులను జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారన్నది), అనిశ్చితి పట్ల భయం లాంటి కొలతలు దేశాల సగటుల గురించి చెబుతాయి. ‘ఈ దేశానికి అధికార దూరం ఎక్కువ, కాబట్టి ఈ విద్యార్థి పై అధికారిని ప్రశ్నించడు’ అని రాస్తే పరీక్షకుడు ఎర్ర సిరాతో గీత పెట్టడం న్యాయమే.

## పోలిక మీద ప్రాజెక్టు రాసేటప్పుడు

ఒకే ప్రశ్నావళిని రెండు దేశాల్లో పంచితే సరిపోదా?

సరిపోదు. మొదటి చిక్కు జవాబు చెప్పే అలవాటు. జపాన్, తైవాన్, కెనడా, అమెరికా హైస్కూలు విద్యార్థులను పోల్చిన 1995 నాటి అధ్యయనంలో తూర్పు ఆసియా పిల్లలు కొలమానం మధ్యలోని అంకెను ఎక్కువగా ఎంచుకున్నారు, అమెరికా పిల్లలు చివర్లను ఎక్కువగా ఎంచుకున్నారు. ఇద్దరి అభిప్రాయం ఒకటే అయినా ఒకరిది 3, మరొకరిది 5 అవుతుంది.

రెండో చిక్కు మంచి పేరు కోసం చెప్పే జవాబు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తరగతిలో ప్రొఫెసర్ ముందు కూర్చుని ‘నాకు సమాజసేవ ముఖ్యం కాదు’ అని టిక్కు పెట్టేవారు ఎందరుంటారు?

ప్రశ్నావళిని రెండో భాషలోకి మార్చి, ఇంకొకరితో తిరిగి మొదటి భాషలోకి మార్పించి సరిచూసే పద్ధతి 1970 నుంచి ప్రచారంలో ఉంది. అది చేయవలసిందే. చేసినంత మాత్రాన కొలత సమానం కాదు. రెండు దేశాల్లోనూ ప్రశ్నలు అదే గుంపులుగా చేరుతున్నాయా, ఒక్కో ప్రశ్న బరువు ఒకటేనా, మొదలు బిందువు (ఒకే అభిప్రాయం ఉన్నవారు ఇచ్చే అంకె) ఒకటేనా అని గణాంకపరంగా మూడు మెట్లుగా వరుసగా పరీక్షించాలి. మూడో మెట్టు దాటకపోతే సగటులను పోల్చే హక్కు మీకు లేదు. చాలా ప్రాజెక్టులు అసలు మొదటి మెట్టు కూడా చూడకుండా ముగింపుకు పరుగెత్తుతున్నాయి.

దీనికి నేను చెప్పే ఉపాయం, అంకెలు వేయించడం తగ్గించి ఎంపికలు చేయించడం. ‘జీతం 20 శాతం తక్కువ, కానీ బదిలీ ఉండదు’, ‘జీతం ఎక్కువ, కానీ మూడేళ్ల ఒప్పందం’ లాంటి జతలు ఇచ్చి ఒకటి తీసుకోమనండి. మధ్య అంకె అలవాటు ఇక్కడ దాక్కోలేదు.

మా తరగతిలోనే చాలా దేశాలవారు ఉన్నారు. వారినే అడిగితే సరిపోతుందిగా?

ఖర్చు తగ్గుతుంది, అర్థం కూడా తగ్గుతుంది. సొంత దేశం వదిలి చదువుకు వచ్చినవారు తమ దేశపు సగటు విద్యార్థులు కారు. కొందరిని వారి ప్రభుత్వమే పంపి ఉంటుంది, తిరిగి వెళ్లి పనిచేయాలన్న బాండు వారి మీద ఉంటుంది. వారి జవాబులను వారి దేశానికి ఆపాదించకండి. వలస వచ్చిన విద్యార్థుల విలువల మీద అధ్యయనమని పేరు పెడితే అదే ప్రాజెక్టు నిజాయితీగా నిలబడుతుంది.

## ఉద్యోగంలోకి వెళ్లే వేళ

చదువుకునేటప్పటి ఆశయాలు ఉద్యోగంలో నిలుస్తాయా?

కొంత తగ్గుతాయి. డెన్మార్క్‌లో ఫిజియోథెరపీ విద్యార్థులను ఉద్యోగంలో చేరక ముందు, చేరిన తర్వాత అడిగి చూసిన 2013 అధ్యయనంలో ప్రజాసేవా ప్రేరణ ప్రభుత్వ రంగంలోనూ, ప్రైవేటు రంగంలోనూ తగ్గింది. ప్రభుత్వ రంగంలో చేరినవారిలో ఆ తగ్గుదల తక్కువ. తొలి ఏడాది నిరుత్సాహం వచ్చిందంటే మీ ఎంపిక తప్పని అప్పుడే తీర్పు ఇచ్చుకోకండి. ఏ పని చూసి వచ్చారో ఆ పని రోజులో ఎంతసేపు చేస్తున్నారో ముందు లెక్క చూడండి. చాలామందికి బాధ కలిగించేది విలువలు మారడం కంటే వాటికి చోటు లేకపోవడం.

ఈ కోర్సు చదివి స్వచ్ఛంద సంస్థ (ఎన్జీఓ)లోనో, ప్రైవేటులోనో చేరితే తప్పా?

తప్పు కాదు. అమెరికాలో ప్రభుత్వ విధానాలు బోధించే ప్రముఖ విద్యాసంస్థల పట్టభద్రుల దారులను గమనించిన పాల్ లైట్, 1970లలో చదివినవారితో పోలిస్తే 1990లనాటివారు నేరుగా ప్రభుత్వంలో చేరడం తగ్గిందని 1999లో రాశారు. ఒక రంగం నుంచి మరో రంగానికి మారడం కూడా వారిలో పెరిగింది.

ఇంటర్వ్యూలో ‘ఈ సర్వీసు ఎందుకు’ అని అడిగితే నిజం చెప్పాలా?

చెప్పండి, కానీ మొత్తం నిజం చెప్పండి. భద్రతా కావాలి, పనీ నచ్చింది అన్నది చాలామంది విషయంలో వాస్తవం. బోర్డులో కూర్చున్నవారు సేవ గురించిన ఉపన్యాసాలు విని విని అలసిపోయి ఉంటారు. ఏ శాఖలో ఏ సమస్య మీ కంట పడింది, దాని గురించి ఏమి తెలుసుకున్నారు అన్నది చెబితే ప్రేరణ గురించి వేరుగా చెప్పనక్కర్లేదు.

వేరే దేశపు ప్రభుత్వంలోనో, ఐక్యరాజ్యసమితిలోనో పనిచేయాలని ఉంది. ఏమి గమనించాలి?

ప్రభుత్వాధికారం చలాయించే పోస్టులను చాలా దేశాలు తమ పౌరులకే ఉంచుకుంటాయి. దేశాల మధ్య ఉద్యోగులు స్వేచ్ఛగా తిరిగే ఐరోపా సమాఖ్యలో కూడా సమాఖ్య పనితీరు మీది ఒప్పందంలోని 45వ అధికరణం ప్రభుత్వ సేవకు మినహాయింపు ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి దారి వేరు. దాని ఛార్టర్ 100వ అధికరణం ప్రకారం సిబ్బంది ఏ ప్రభుత్వం నుంచీ, సొంత ప్రభుత్వం నుంచి కూడా, ఆదేశాలు తీసుకోకూడదు. 101వ అధికరణం సామర్థ్యం, యోగ్యత, నిజాయితీలకు పెద్దపీట వేస్తూనే నియామకాల్లో వీలైనంత విస్తృతంగా అన్ని ప్రాంతాలవారికీ చోటివ్వాలంటుంది. దేశానికి సేవ చేయాలన్నదే మీ ప్రధాన ప్రేరణ అయితే దరఖాస్తు నింపే ముందు 100వ అధికరణాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి.